జొన్న తినే జిల్లాల్లో లెవీ కాలం

1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి చిక్కింది. అప్పటిదాకా ఏటా పదిహేను లక్షల టన్నుల వరకు బర్మా బియ్యం ఓడల మీద ఇండియా రేవులకు వచ్చేది. ఆ రాక ఒక్కసారిగా ఆగింది. మరుసటి ఏడు బెంగాల్‌లో ముప్పై లక్షల మంది దాకా ఆకలితోనూ, ఆకలి వెంట వచ్చిన జబ్బులతోనూ చనిపోయారు. యుద్ధకాలపు తిండి కొరత గురించి రాసిన పుస్తకాలన్నీ సహజంగానే కలకత్తా చుట్టూ తిరుగుతాయి. తిరుగు ప్రయాణంలో మద్రాసు, తిరువాన్కూరులను పలకరిస్తాయి. ఉత్తర తెలంగాణ పేరు వాటిలో చాలా అరుదు.

అందుకు పైకి కనిపించే కారణం ఒకటుంది. కరీంనగర్ మెట్ట ఊళ్ళలోగానీ ఆదిలాబాద్ అడవి ఊళ్ళలోగానీ బర్మా బియ్యం తిన్నవాళ్ళు లేరు. చెరువుల కింద, వాగుల పక్కన వరి పండేది. ఆ బియ్యంలో ఎక్కువ భాగం గడీలకూ, శిస్తు కట్టడానికీ, అంగడికీ పోయేది. మామూలు ఇంట్లో రోజూ పొయ్యి మీదకెక్కేది జొన్న గటుక, మక్క గటుక, అంబలి. గోండు గూడేల్లో జొన్నే ప్రాణాధారం. అది ఒడిసిన నెలల్లో ఇప్పపువ్వు, అడవి గడ్డలు ఆదుకునేవి. ఓడల్లో వచ్చే తిండి మీద ఆధారపడని మనుషులు వీళ్ళు. అయినా ఇక్కడి పెద్దల జ్ఞాపకాల్లో ఆ కాలం లెవీ కాలంగానే మిగిలింది. సముద్రానికి ఇంత దూరంలో, తన జొన్న తానే పండించుకునే చోటుకు యుద్ధం ఆకలిగా ఏ దారిన వచ్చిందన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న. ఈ విషయం మీద రాసినవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆహార పాలన చరిత్ర రాసిన అధికారులది ఒక దారి, సాయుధ పోరాట చరిత్ర రాసిన నాయకులది మరో దారి, గోండుల మీద రాసిన మానవశాస్త్రజ్ఞులది ఇంకో దారి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఈ రెండు జిల్లాల కథ పూర్తిగా కనిపించదు.

ముందుగా రాజ్యం సంగతి. హైదరాబాద్ నేరుగా బ్రిటిష్ ఏలుబడిలో లేదు. 1941 లెక్కల ప్రకారం కోటీ అరవై మూడు లక్షల జనాభా ఉన్న ఈ సంస్థానానికి సొంత నాణెం ఉంది. హాలీ సిక్కా అని పిలిచే ఆ ఉస్మానియా రూపాయలు ఏడు పెడితే బ్రిటిష్ రూపాయలు ఆరు వచ్చేవి. సొంత సుంకాల శాఖ కరోడ్‌గిరి ఉంది. సొంత రైలు, సొంత తపాలా ఉన్నాయి. యుద్ధమూ శాంతీ మాత్రం సొంతం కావు. వైస్రాయి యుద్ధంలోకి దిగాడంటే నిజాం కూడా దిగినట్టే. ఆయన మనస్ఫూర్తిగానే దిగాడు. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్ హైదరాబాద్ పేరు పెట్టుకుని ఎగిరింది, దాని వెనక ఉన్నది ఈ సంస్థానపు ధనమే. వలస పాలన పద్ధతులు పరోక్ష పాలనలో ఇంకాస్త కటువుగా పనిచేస్తాయని నా అభిప్రాయం. బ్రిటిష్ రాష్ట్రాల్లో కనీసం శాసనసభలుండేవి, పత్రికలుండేవి, కలెక్టరును ప్రశ్నించే వకీళ్ళుండేవారు. ఇక్కడ ఢిల్లీ కోరిన దాన్ని హైదరాబాద్ ఒప్పుకుంటే, దాన్ని తాలూక్‌దారు తహసీల్దారుకు చెప్పేవాడు, తహసీల్దారు గిర్దావరుకు చెప్పేవాడు. ఊళ్ళో అమలు పటేల్ పట్వారీలదీ, వాళ్ళ వెనక ఉన్న దొరదీ.

మొదట వచ్చింది ధర. ఇండియాలో యుద్ధానికి కావలసిన సరుకంతా బ్రిటన్ అప్పు మీద కొన్నది. ఆ బాకీ లండన్‌లో స్టెర్లింగ్ ఖాతాలో రాసుకున్నారు. యుద్ధం ముగిసేసరికి అది నూటముప్పై కోట్ల పౌండ్ల దాకా చేరింది. ఇక్కడ మాత్రం రైతుకూ మిల్లుకూ చెల్లించడానికి నోట్లు అచ్చువేశారు. ధరలు రెండింతలు దాటాయి. హాలీ సిక్కా బ్రిటిష్ రూపాయికి కట్టుబడి ఉంది కాబట్టి ఆ పెరుగుదల సరిహద్దు దగ్గర ఆగలేదు. ఇక కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు పట్టా 1929 నాటికి పూర్తయింది. జమ్మికుంట, పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ స్టేషన్లలో ధాన్యం ఎక్కిస్తే ఇటు మద్రాసుకూ అటు నాగపూర్‌కూ పోగలదు. రైలుకు దూరంగా ఉన్న జగిత్యాల, మంథని, ఉట్నూరు వైపు ఎడ్లబండే గతి. ధర మాత్రం బండికంటే వేగంగా పోయింది.

ధర పెరిగితే రైతుకు లాభమే కదా అని ఆనాటి అధికారులు కొందరు వాదించారు. నిండు గాదె ఉన్న రైతుకు లాభమే. తెలంగాణలో అలాంటివాళ్ళు ఊరికి ఎందరు? పంట చేతికి రాగానే సగం సావుకారుకు పోయే ఇంటికి, ఆషాఢం నాటికి జొన్నలు కొనుక్కునే ఇంటికి, ధర పెరిగితే దెబ్బే. అమర్త్యసేన్ 1981లో బెంగాల్ సహా కొన్ని కరువుల మీద రాసిన పుస్తకం ఈ సంగతినే సిద్ధాంతంగా నిలబెట్టింది. దేశంలో ఎంత ధాన్యం ఉందన్నదాని కంటే, ఒక మనిషి తన కూలితోగానీ తన సరుకుతోగానీ ఎంత ధాన్యం తెచ్చుకోగలడన్నది ముఖ్యమని ఆయన చూపాడు. ఈ చూపుతో కరీంనగర్‌ను చూస్తే ముందు కనిపించేది సిరిసిల్ల. నేతకారుడికి పొలం లేదు. అతని జొన్న అంగడి నుంచి రావాలి, అంగడికి పోవడానికి గుడ్డ నెయ్యాలి, గుడ్డకు నూలు కావాలి. మిల్లుల ఉత్పత్తిలో పెద్ద భాగం సైన్యపు బట్టలకు మళ్ళింది. 1943 జూన్‌లో గుడ్డ, నూలు కంట్రోల్ ఉత్తర్వు వచ్చాక దొరికే ఆ కాస్త నూలు కూడా వర్తకుల చేతుల మీదుగా, పరపతి ఉన్నవాడికే చేరేది. మగ్గం ఆగిన ఇంటికి ధాన్యం ఎంత పండినా ఒకటే.

పాలేర్ల సంగతి వేరు. జీతం జొన్నల్లో కొలిచి ఇచ్చినచోట ధర పెరుగుదల వాళ్ళను నేరుగా తాకలేదు. డబ్బు కూలికి పోయేవాళ్ళు మాత్రం నిలువునా దెబ్బతిన్నారు. వెట్టి చేసేవాళ్ళకు రెండూ లేవు. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ పాతతరం వాళ్ళు గింజల కూలిని గౌరవంగా తలుచుకోవడానికి ఈ అనుభవం కూడా ఒక కారణమని నాకు తోస్తుంది.

ఆదిలాబాద్‌లో ధర మరో రకంగా కరిచింది. అది పత్తి నేల. ఇక్కడి పొట్టి పింజ పత్తికి, మొత్తం ఇండియా పొట్టి పింజ పత్తికి, జపానే పెద్ద గిరాకీ. 1941లో ఆ గిరాకీ తెగిపోయింది. పత్తి వేసి జొన్న కొనుక్కునే రైతుకు అమ్మే సరుకు దిగింది, కొనే సరుకు ఎగబాకింది. పైగా జిల్లాకు ఉత్తరానా తూర్పునా బ్రిటిష్ మధ్యరాష్ట్రం, బీరారు. కిన్వట్, రాజూరా తాలూకాలు అప్పుడు ఆదిలాబాద్‌లోనివే. తరతరాలుగా వార్ధా, పెన్‌గంగ దాటి చాందా, యవత్మాల్ అంగళ్ళకు పోయే జనం వాళ్ళు. యుద్ధం ముదిరేకొద్దీ ప్రతి రాష్ట్రమూ తన ధాన్యం బయటికి పోకుండా గట్లు కట్టుకుంది. హైదరాబాద్ కూడా ఎగుమతి ఆపింది. నిన్నటి అంగడి దారి ఇవాళ దొంగరవాణా అయింది. ఇట్లాంటి గట్లు బెంగాల్ వంటి చోట్ల కొరతను ఇంకా పెంచాయి. గట్టు లోపల ఉండిపోయిన జిల్లాలో ధాన్యం చవగ్గా మిగలాలి కదా అంటే, అది జరగనివ్వనిది లెవీ.

1943లో థియొడార్ గ్రెగరీ అధ్యక్షతన ఇండియా ప్రభుత్వం వేసిన కమిటీ, లక్ష దాటిన జనాభా ఉన్న పట్టణాలన్నిట్లో రేషను పెట్టాలనీ, పెద్ద మనిషికి రోజుకు ఒక పౌను గింజలు ఇవ్వాలనీ చెప్పింది. అప్పటికే ఆ ఏడు మే నెలలో బొంబాయిలో రేషను మొదలైంది. పట్టణానికి పౌను చొప్పున ఇవ్వాలంటే పల్లె నుంచి అంత ఎత్తాలి. ఎట్లా ఎత్తాలన్న దాని మీద ఒక్కో ప్రాంతం ఒక్కో దారి పట్టింది. కొన్నిచోట్ల అంగట్లోకి వచ్చిన ధాన్యాన్ని సర్కారే కొన్నది. కొన్నిచోట్ల వర్తకుల మీద వాటా వేసింది. హైదరాబాద్ రైతు మీదనే వేసింది. సాగు ఎకరాల లెక్కన ఇంత అని ప్రతి పట్టాదారూ సర్కారు ధరకు ధాన్యం అప్పగించాలి. అదే లెవీ గల్లా. వసూలు రెవెన్యూ యంత్రాంగానిది. కొనుగోలూ నిల్వా పంపకమూ హైదరాబాద్ కమర్షియల్ కార్పొరేషన్ చూసుకునేది. ఆ కాలంలో రెవెన్యూ, పోలీసు శాఖల సభ్యుడు విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్, బస్తర్ మాడియా గోండుల మీద పుస్తకం రాసిన బ్రిటిష్ అధికారి. ఆయన గిరిజనుల పట్ల చిత్తశుద్ధి ఉన్న మనిషి. ఆయన చేతి కిందే లెవీ నడవడం, ఆయన చేతి మీదుగానే ఆదిలాబాద్ గోండులకు భూమి దక్కడం, ఈ చరిత్రలో పక్కపక్కన నడిచిన రెండు పనులు.

లెవీ సూత్రం కాగితం మీద న్యాయంగానే కనిపిస్తుంది. ఎక్కువ భూమి ఉన్నవాడు ఎక్కువ ఇవ్వాలి. దాన్ని ఒక ఇంటి లెక్కలోకి దించి చూద్దాం. గ్రెగరీ చెప్పిన పౌను అంటే దాదాపు అరశేరు. ఐదుగురున్న ఇంటికి రోజుకు రెండున్నర శేర్లు, ఏడాదికి తొమ్మిది వందల పైచిలుకు శేర్లు. నూటఇరవై శేర్ల పల్ల లెక్కన ఏడున్నర పల్లలు. ఇది ఒట్టి తిండి. దీని మీద విత్తనం, పాలేరు జీతం, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి వాళ్ళ మేర, సావుకారుకు గింజల వడ్డీగా కొలిచే నాగు, పండుగ, చావు. మెట్ట జొన్న వానను బట్టి ఒక ఏడు ఇస్తుంది, మరో ఏడు చేతులెత్తేస్తుంది. ఎకరాల మీద వేసిన లెవీ మాత్రం వానను అడగదు. పంట సగమే వచ్చినా ఎకరం ఎకరమే. అప్పుడు రైతు తన తిండి గింజల్లోంచి కొలవాలి, లేదా అంగట్లో హెచ్చు ధరకు కొని సర్కారుకు తక్కువ ధరకు అప్పగించాలి. లెవీ తీర్చడానికి చోరబజారులో గింజలు కొన్న రైతుల సంగతి పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో రాశాడు. పండించినవాడే కొనుక్కుని అప్పగించడం ఈ పద్ధతికి అనుకోకుండా తగిలిన అవాంతరం కాదు, ఎకరాల లెక్క పెట్టినప్పుడే అందులో ఉంది.

పాతర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెలంగాణలో మంచి ఏడు వచ్చినప్పుడు జొన్నలను నేలలో పాతర వేసేవారు. గడ్డి పరిచి, మట్టి కప్పి, రెండు మూడేళ్ళు నిలిపేవారు. 1876-78 కరువును, 1899-1900 కరువును, 1918 తర్వాతి కరువునూ చూసిన ఇళ్ళకు అది సొంత బీమా. యుద్ధకాలపు చట్టం కంట్లో అది అక్రమ నిల్వ. చోరబజారుకు దాచిన వర్తకుడి గోదాముకూ, చెడ్డ ఏటికి దాచిన రైతు పాతరకూ ఉత్తర్వులు తేడా చూపలేదు. చూపినా ఊళ్ళో అమలు చేసేవాడు ఎవరి పాతర తవ్వాలో, ఎవరిది వదలాలో తనే తేల్చుకునేవాడు. నిజాం రాజ్యంలో కరువును తట్టుకునే పాత పద్ధతులు ఏవైనా మిగిలి ఉంటే, వాటిలో బలమైనది ఇదే. దాన్ని నేరంగా చూడడం లెవీ చేసిన చెరుపుల్లో తక్కువగా చర్చకు వచ్చినది.

అసలు కీలకం పహాణీలో ఉంది. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారు, ఎంత వేశారు అన్నది పట్వారీ ఏటా పహాణీలో రాస్తాడు. లెవీకి ఆధారం ఆ రాతే. దొర బంజరు అని రాయిస్తే అది బంజరు. పత్తి అని రాయిస్తే పత్తి. చిన్న రైతు ఎండిపోయిన చేనును జొన్న అని రాస్తే అది జొన్నే. అంతకు ముందు పట్వారీ రాతకు శిస్తు మీద, హక్కు మీద మాత్రమే అధికారం ఉండేది. లెవీ వచ్చాక ఆ రాత ఇంట్లో ఎన్ని నెలల తిండి మిగలాలో కూడా నిర్ణయించింది. వసూలైన ధాన్యాన్ని తాలూకా గోదాముకు చేర్చే బండ్లు చాలాచోట్ల వెట్టిగా కట్టినవే. రాజ్యం నేలలో దాదాపు మూడో వంతు జాగీర్లది. నిజాం సొంత సర్ఫెఖాస్ ఇంకో పదోవంతు. సర్కారు రెవెన్యూ చూపు నేరుగా పడే దివానీ భూముల్లోనే పరిస్థితి ఇది. జాగీర్లలో అడిగేవాడే లేడు. ఐ. తిరుమలి వంటి చరిత్రకారులు దొర, గడీ వ్యవస్థ గురించి రాసింది చదివినప్పుడు నాకు బలంగా అనిపించేది ఒకటుంది. లెవీ కొత్త అన్యాయాన్ని కనిపెట్టలేదు. ఊళ్ళో అప్పటికే ఉన్న అధికారం చేతికి సర్కారు ముద్ర ఉన్న కొలత కుంచాన్ని ఇచ్చింది.

దీనికి అధికారుల వైపు సమాధానం ఉంది, దాన్ని పక్కకు నెట్టకూడదు. ఇండియా ఆహార పాలన మీద 1954లో పెద్ద పుస్తకం ప్రచురించిన హెన్రీ నైట్ వంటివాళ్ళ వాదం ఇది. నిర్బంధ సేకరణ లేకపోతే పట్టణాలు, రైల్వేలు, గనులు నిలిచేవి కావు. సేకరణ ఆలస్యమైనచోట బెంగాల్ జరిగింది. సేకరణ జరిగినచోట జరగలేదు. హైదరాబాద్‌లో బెంగాల్ జరగలేదన్నది నిజం. బెల్లంపల్లిలో బొగ్గు తవ్వే కార్మికుడికి, సిర్పూర్ కాగితం మిల్లు కార్మికుడికి, రాజధానిలో రేషను కార్డున్నవాడికి గింజలు దొరికాయి. వాళ్ళు కూడా పేదలే. పట్టణ పేదను కాపాడడానికి పల్లె నుంచి ధాన్యం ఎత్తడం తప్పని ఎవరూ అనలేరు. నా అభ్యంతరం ఎత్తడం మీద కాదు. రాజ్యం మొత్తంలో అత్యధికంగా ధాన్యం ఉన్న ఇళ్ళు ఏవో ప్రతి గిర్దావరుకూ తెలుసు. ఆ గాదెల నుంచి ఎత్తడం యంత్రాంగానికి చేతకాని పని కాదు, అది ఎంచుకోని పని. బెంగాల్‌తో పోల్చి తృప్తిపడే కొలత వాడినంత కాలం ఈ సంగతి కనబడదు. చావులు లెక్కకు వచ్చేంతగా లేకపోవడం ఒకటి, అర్ధాకలితో అప్పుల్లోకి దిగి పట్టా పోగొట్టుకోవడం మరొకటి. ఉత్తర తెలంగాణలో యుద్ధం రెండోదాన్ని పెంచింది.

పోరాట చరిత్రకారుల దారిలోనూ ఒక మలుపు ఉంది, దాన్ని వాళ్ళు తొందరగా దాటిపోతారు. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ మీద పడ్డాక కమ్యూనిస్టులకు ఇది ప్రజాయుద్ధం. 1942 జులైలో బ్రిటిష్ ఇండియాలో పార్టీ మీద నిషేధం తొలగింది. ఎక్కువ పండించండి, ఆహార కమిటీలు పెట్టండి, దొంగ నిల్వలు బయటపెట్టండి అన్నవి వాళ్ళ నినాదాలు. అంటే లెవీ అనే ఆలోచనకు వాళ్ళు శత్రువులు కాదు. హైదరాబాద్‌లో వాళ్ళ చేతికి వచ్చిన ఆంధ్ర మహాసభ అడిగింది కూడా మొదట్లో అదే: భూమిని బట్టి మెట్లుమెట్లుగా వెయ్యండి, దొరల దగ్గర ముందు తీసుకోండి, చిన్న రైతు తిండి గింజలు వదలండి. సర్కారు సొంత ఉత్తర్వు న్యాయంగా అమలు కావాలని అడగడమే ఊళ్ళో తిరుగుబాటయింది. 1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన సభ్యత్వ రుసుము రూపాయి నుంచి అణాకు తగ్గించడంతో సంఘం పల్లెల్లోకి దూసుకుపోయింది. 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సభ జరిపిన నాటి పెద్దమనుషుల సంస్థకూ, ఈ అణా సంఘానికీ పోలికే లేదు. వెట్టి, లెవీ, బేదఖళ్ళు, ఈ మూడు మాటల మీద అది పెరిగింది. కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డి, అనభేరి ప్రభాకరరావు వంటివాళ్ళు దాన్ని నడిపారు.

యుద్ధం ముగిసినా లెవీ ముగియలేదు. 1945-46లో దక్షిణాన వానలు తప్పాయి. దేశమంతటా రేషను పౌను నుంచి పన్నెండు ఔన్సులకు తగ్గింది. వసూళ్ళు ఇంకా బిగిశాయి. జనగామ తాలూకా ఆకునూరులో లెవీ వసూళ్ళ దగ్గర మొదలైన గొడవ పోలీసు దాడిగా, స్త్రీల మీద అత్యాచారాలుగా మారింది. పద్మజా నాయుడు అక్కడికి వెళ్ళి చూసి వచ్చాక, మాచిరెడ్డిపల్లిలో జరిగిన అట్లాంటి ఘటనతో కలిసి అది హైదరాబాద్ బయట కూడా మారుమోగింది. ఆకునూరు కరీంనగర్ సరిహద్దుకు దూరం కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య హత్య తర్వాత సాయుధ పోరాటం చెలరేగిన సంగతి అందరికీ తెలిసినదే. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది వేరు. దళాలు ఊళ్ళోకి వచ్చాక ముందుగా చేసే పనుల్లో ఒకటి పటేల్ పట్వారీ దఫ్తరాలు తగలబెట్టడం. అనభేరి దళం కరీంనగర్ ఊళ్ళలో చేసింది కూడా అదే. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో ఆయనా సహచరులూ చనిపోయారు. తగలబెట్టిన ఆ కాగితాలను అప్పుపత్రాలుగానూ, భూమి దొంగ రాతలుగానూ మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. అంతకు ముందు నాలుగైదేళ్ళుగా గాదె ఖాళీ చేసింది కూడా ఆ పహాణీ బస్తాలే. రైతుకు వాటి మీద అంత కోపం ఎందుకో, ఆహార పాలన పుస్తకాలూ పోరాట పుస్తకాలూ పక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది.

ఇప్పుడు గోదావరి దాటుదాం. ఆదిలాబాద్‌లో ఆకలికి మూలం యుద్ధానికి ముందే అడవి గీతల్లో ఉంది. రిజర్వు ఫారెస్టు హద్దులు గోండుల, కోలాముల చేలను చీల్చుకుంటూ పోయాయి. పోడు ఆపేశారు. రైలు వచ్చాక కింది జిల్లాల నుంచీ, మరాఠ్వాడా నుంచీ భూమి కోసం వచ్చినవాళ్ళు పట్టాలు చేయించుకున్నారు. తరాలుగా దున్నిన గోండుకు కాగితం లేదు. 1940లో జోడెఘాట్‌లో కొమురం భీమ్‌నూ ఆయన మనుషులనూ పోలీసులు కాల్చిచంపారు. అప్పటికి ఐరోపాలో యుద్ధం మొదలై ఏడాది. ఆ యుద్ధమే మరో మనిషిని ఇక్కడికి చేర్చింది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. శత్రుదేశ పౌరుడు కాబట్టి జైలు శిబిరానికి పోవలసినవాడు, నిజాం రాజ్యం దాటకుండా ఉండే షరతు మీద చెంచుల దగ్గరా, తర్వాత గోండుల దగ్గరా పని చేసుకున్నాడు. భీమ్ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో చెప్పమని సర్కారు అడిగితే, భూమి, అడవి అని చెప్పాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. సేతుమాధవరావు పగడి వంటి అధికారులు గోండి నేర్చుకుని ఊళ్ళలో కూర్చున్నారు. 1940ల చివరికి పదకొండు వేలకు పైగా గిరిజన కుటుంబాలకు లక్షా అరవై వేల ఎకరాల దాకా పట్టాలు దక్కాయి.

దీన్ని విద్యగా, గిరిజన సంక్షేమంగా చదవడం అలవాటు. తిండి కొరతను ఎదుర్కొన్న కార్యక్రమంగా దీన్ని ఎవరూ చదవలేదు. నేను అట్లా చదవాలంటాను. గోండు ఇంటి ఆకలి సావుకారు దగ్గర తెచ్చుకున్న జొన్నలతో మొదలవుతుంది. ఆషాఢంలో తెచ్చిన కొలతకు పంట మీద ఒకటిన్నర రెట్లు, ఒక్కోచోట రెట్టింపు. గింజ ధర రెట్టింపైన యుద్ధకాలంలో ఈ నాగు ఇంకెంత కరుస్తుందో ఊహించవచ్చు. పట్టా ఉన్నవాడికి సర్కారు తక్కావి అప్పు దొరుకుతుంది, సహకార సంఘం దొరుకుతుంది, ఊరి ధాన్యపు బ్యాంకులో వాటా దొరుకుతుంది. ధాన్యపు బ్యాంకులు హైదరాబాద్ రాజ్యమంతటా వచ్చినవే. చాలాచోట్ల లెవీతో పాటే కొంత గింజలు వాటాగా కొలిపించుకున్నారు. రైతు చూపులో అది లెవీ మీద ఇంకో లెవీ. అదే పని, నిర్బంధం తక్కువగా, గోండు ఊళ్ళలో ఆ భాష తెలిసిన అధికారి కళ్ళెదుట జరిగినప్పుడు వేరే ఫలితం ఇచ్చింది. ఒకే సర్కారు, ఒకే యుద్ధం, ఒకే రెవెన్యూ సభ్యుడు. కరీంనగర్‌లో పాత రాతను నమ్ముకుని ధాన్యం ఎత్తారు. ఆదిలాబాద్‌లో కొంతమేరకు రాతనే మార్చారు. దాన్ని పొగిడేటప్పుడు ఒక మాట మరవకూడదు: జోడెఘాట్‌లో ప్రాణాలు పోకపోతే ఆ రాత మారేది కాదు.

ఆకలితో పాటు జ్వరం కూడా యుద్ధం దారినే వచ్చింది. ఆదిలాబాద్ అడవి మలేరియా సీమ. ప్రపంచానికి కావలసిన సింకోనా బెరడులో నూటికి తొంభై వంతులు జావాలో పండేది. 1942 మార్చిలో జావా పడిపోయింది. దొరికిన కొద్దిపాటి క్వినైను ముందు సైన్యానికి. వానాకాలంలో గింజలు తక్కువున్న ఇంట్లో జ్వరం పడితే నాట్లూ కలుపులూ ఆగుతాయి, ఆగితే మరుసటి ఏటి గాదె ఖాళీ. బెంగాల్‌లో కూడా చావుల్లో పెద్ద భాగం అన్నం కరువు తగ్గాక మలేరియాతో వచ్చినవే.

వేరే వలసల్లో ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే మన జిల్లాల సంగతి ఇంకా స్పష్టమవుతుంది. కెన్యాలో 1942లో మక్కల మీద కంట్రోల్ పెట్టి తెల్ల భూస్వాములకు హెచ్చు ధర హామీ ఇచ్చారు, ఆఫ్రికన్ రైతుకు తక్కువ కట్టారు. మరుసటి ఏడే అక్కడ కొరత వచ్చి విచారణ సంఘం వెయ్యవలసి వచ్చింది. ఉత్తర వియత్నాంలో ఫ్రెంచి యంత్రాంగం, జపాను సైన్యం కలిసి నిర్బంధ వరి సేకరణ చేశాయి, వరి నేలల్లో జనుము వేయించాయి. 1944-45లో అక్కడ చనిపోయినవాళ్ళ అంచనాలు నాలుగు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా ఉన్నాయి. దీనికి ఎదురు ఉదాహరణ మన దేశంలోనే ఉంది. బర్మా బియ్యం మీద ఎక్కువగా ఆధారపడిన తిరువాన్కూరు సంస్థానం, తొలి దెబ్బకు విలవిలలాడిన తర్వాత, పట్టణం పల్లె తేడా లేకుండా రాజ్యమంతటికీ రేషను పెట్టింది. హైదరాబాద్ పల్లె నుంచి తీసుకుంది గానీ, పల్లెలో గింజలు కొనుక్కునే కూలీకి, నేతకారుడికి, చిన్న రైతుకు ఎంత ఇస్తానన్న లెక్క ఎన్నడూ అంత శ్రద్ధగా వెయ్యలేదు. తిరువాన్కూరుకూ మనకూ మధ్య తేడా ధాన్యంలో లేదు. మన దగ్గరే ఎక్కువ పండేది. అక్కడ పల్లె జనం చదువుకున్నవాళ్ళు, సంఘాలున్నవాళ్ళు, గట్టిగా అడిగినవాళ్ళు. ఇక్కడ అడిగే నోరు తయారయ్యేసరికి 1944 దాటింది.

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోవడంతో లెవీ పోలేదు. సైనిక పాలనలోనూ ధాన్యం వసూలు నడిచింది. యుద్ధకాలపు భారత రక్షణ నిబంధనలు 1946లో అత్యవసర సరఫరాల చట్టంగా, 1955లో నిత్యావసర సరుకుల చట్టంగా మారి స్వతంత్ర భారతంలో స్థిరపడ్డాయి. ఊరి చౌకధరల దుకాణం ఆ వంశంలోదే. యంత్రాంగం మాత్రం ఒక పెద్ద మార్పుకు లోనైంది: రైతు గాదె నుంచి ఎత్తడం మానేసి మిల్లర్ల నుంచి తీసుకోవడం మొదలుపెట్టింది. మిల్లుకు వచ్చేది వరి. జొన్న ఎప్పుడూ మిల్లు గింజ కాదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక కరీంనగర్ మెట్టలోనూ ఆదిలాబాద్ గూడేల్లోనూ పేద ఇంటి ఆకలి తగ్గింది, అందులో సందేహం లేదు. పండే గింజకూ తినే గింజకూ ఉన్న పాత లంకె కూడా ఆ దశాబ్దాల్లోనే తెగింది. జొన్న చేలు పత్తిగా మారాయి.

హైమెన్‌డార్ఫ్ 1970ల చివర్లో మళ్ళీ ఆదిలాబాద్ వచ్చాడు. తన కళ్ళెదుట పట్టాలు పంచిన ఊళ్ళలో చాలా భూములు వలసవచ్చినవాళ్ళ చేతుల్లోకి పోయి ఉండటం చూశాడు, 1982లో వెలువడిన పుస్తకంలో ఊరూరా పేర్లతో రాశాడు. గిరిజన భూమి చేతులు మారకుండా చేసిన 1959 భూబదిలీ నిబంధన తెలంగాణకు 1963లో వర్తించింది, 1970లో దాన్ని సవరించి ఇంకా కఠినం చేశారు. ఈ మధ్యకాలమంతా చేతులు మారిన భూమి తిరిగి రాలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు గుమిగూడింది ఆ భూమి కోసమే, పోలీసు కాల్పులు జరిగింది వాళ్ళ మీదే. యుద్ధకాలంలో తిండి కొరతకు ఈ రెండు జిల్లాల్లో దొరికిన ఒకే ఒక్క మేలైన జవాబు ఆ పట్టాలు. వాటిని నిలబెట్టే పని హైదరాబాద్ రాజ్యం తర్వాత వచ్చిన ప్రభుత్వాలది, అవి దాన్ని చెయ్యలేదు.